తీరము దాటని రవ్వ

తుఫాను పోయినది గాని రవ్వ పోలేదు. బంగాళాఖాతమున పుట్టి, టెలివిజను తెరమీద ఎఱ్ఱని చక్రమై అహోరాత్రములు గిరగిర తిరిగి, విశాఖపట్టణవాసుల గుండెలలో గుబులు రేపి, తుదకు తీరమునకు రాకముందే నడిసముద్రమున బలహీనపడి నామరూపములు లేకుండ అంతరించిన ఆ వాయుగుండమును పురస్కరించుకొని మా యింట కొనబడిన బొంబాయి రవ్వ మాత్రము, బలహీనపడు సూచనలేవియు నేటివఱకు కనబఱచక, వంటింటి అలమరలో నిశ్చలముగ కేంద్రీకృతమై యున్నది. ప్రాతఃకాలమున ఉప్మా, సాయంకాలమున అదియే ఉప్మా, తాలింపు మాత్రము క్రొత్తది, చుట్టములెవరైన వచ్చినచో వారికి రవ్వకేసరి. చుట్టములు రాకపోకలు తగ్గించినారు. ప్రతి శనివారమును వసతిగృహపు భోజనమును దూషించుచు ఇంటికి పరుగెత్తుకొని వచ్చెడి మా అబ్బాయి, పరీక్షలు దగ్గఱపడినవని ఫోనులో చెప్పి, ఈ నెల యంతయు ఆ భోజనముతోనే రాజీపడినాడు.

రవ్వ యొక్కటియే యైనచో ఇంటిగుట్టని యెంచి మౌనము వహించెడివాడను. బ్రెడ్డు సంగతి కూడ చెప్పవలసియున్నది. మన యిండ్లలో బ్రెడ్డనునది జ్వరపడినవాని పథ్యము. ఒళ్ళు చల్లబడిన మఱుక్షణమున దానికిని మనకును ఋణము తీఱిపోవును. అట్టి బ్రెడ్డును, ఇంటిలో నొక్కరికైనను ఒళ్ళు వెచ్చబడకుండగనే, చేసంచి నిండ తెప్పించుటకు హేతువేమని అడిగితిని.

"కరెంటు పోతుందిట కదండీ" అన్నది నా భార్య.

"కరెంటు పోతే గ్యాసుపొయ్యి వెలగదా?"

"వెలుగుతుందనుకోండి. కానీ అందరూ కొంటున్నారు."

ఈ చివరి మాటకు ఖండనము తర్కశాస్త్రమున లేదు. అందఱు కొనుచున్నారు గనుక మనము కొనుచున్నాము. మనము కొనుచున్నాము గనుకనే అందఱు కొనుచున్నారు. ఈ సుడికి కేంద్రమెక్కడనో వాతావరణశాస్త్రజ్ఞులు సైతము చెప్పజాలరు.

ఆ సాయంకాలము మా వీధిచివరి కిరాణాకొట్టు ముందు తిరునాళ్ళు జరిగినవి. ఉల్లిపాయలను గోనెతో ఎత్తించుకొని పోయినవారున్నారు. చంటిబిడ్డలు లేని దంపతులు పాలపొడి డబ్బాలను చంకలలో నిఱికించుకొని పోయినారు. నాలుగు రోజులకు సరిపడ దోమల చుట్టలు కొని, ఈదురుగాలికి దోమలు నిలుచునా యని ఒక్కక్షణమైనను ఆలోచింపక పోయినవారు సైతము కలరు. నా వంతు వచ్చునప్పటికి చీకటి పడినది.

"కొవ్వొత్తులున్నాయా?"

"పొద్దున్నే అయిపోయాయండి మాస్టారూ. ఇదొక్కటే మిగిలింది" అని కొట్టువాడు గాజుసీసాలోనుండి తీసి బల్లపై నిలిపినది పుట్టినరోజు కేకులమీద గుచ్చు అంకెల కొవ్వొత్తి. తక్కిన అంకెలన్నియు ఎవరెవరి చీకట్లను పోగొట్టుటకో తరలిపోయినవి. గులాబిరంగు మైనముతో, అంచున బంగారుపూతతో, మూడంకె యొక్కటి మాత్రము నా కొఱకు నిలిచియున్నది. దానినే కొంటిని. ఇంటికి తెచ్చి టెలివిజను ప్రక్కన నిలుపునప్పటికి, విశాఖ రేవున మూడవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసినారని ఆ పెట్టెలోని అమ్మాయి చెప్పుచున్నది.

ఈ నంబర్ల ప్రసక్తి వచ్చినది గనుక దీనిని తేల్చక ముందునకు పోజాలను. తొందరగలవారు రెండు మూడు పేరాలు దాటి పోవచ్చును. రేవులలో ఎగురవేయు సూచికలు పదకొండు. ఇవి ఓడలవారి కొఱకు పుట్టినవే గాని ఉల్లిపాయలవారి కొఱకు కాదు. పగటివేళ ఎత్తైన స్తంభమునకు శంఖువు ఆకృతివియు గొట్టము ఆకృతివియునైన గుఱుతులను వ్రేలాడదీయుదురు. రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములు కట్టుదురు. ఎక్కడనో నడిసముద్రమున వాయుగుండమున్నదని ఒకటవ నంబరు. అది తుఫానుగ మాఱినదని రెండవది. రేవునకు ఈదురుగాలుల తాకిడి కలదని మూడవది. నాలుగవదాని భావము మిక్కిలి సొగసైనది: తుఫాను ముప్పున్నది గాని, తీవ్రమైన జాగ్రత్తలు తీసికొనవలసినంతటి ప్రమాదము ఇంకను కనబడుట లేదని దాని యర్థము. నాలుగవ నంబరునకు ఇట్టి యర్థము కలదని నేను మా యింట పదేపదే విన్నవించితిని. "ముప్పుందంటూనే కంగారు పడొద్దంటే ఎలాగండీ, ఏదో ఒకటి చెప్పాలి గాని" యని నా భార్య ఆ నంబరును సంపూర్ణముగ రద్దుచేసినది.

ఐదు మొదలుకొని ప్రమాదము. ఎనిమిది మొదలుకొని మహాప్రమాదము. ఇందలి చమత్కారమేమనగా, ఐదవ నంబరునకును ఆఱవ నంబరునకును గల భేదము తీవ్రతలోని భేదము కాదు. తుఫాను తన దారిన పోవుచు రేవును ఎడమవైపున విడుచునా, కుడివైపున విడుచునా యన్నదే భేదము. ఏడవదనగా నేరుగ రేవుమీదికే, లేదా దాని చేరువకే వచ్చునని. ఎనిమిది, తొమ్మిది, పది యనునవి పెద్ద తుఫానునకు ఇదే వరుస. మా వీధివారు మాత్రము వీనిని పరీక్షలోని మార్కులవలె లెక్కింతురు. ఐదు పోయి ఆఱు వచ్చెనన్న వార్త చెవినబడగనే ప్రమాదము ఒక మెట్టు పైకెక్కినదని భావించి, ఇంకొక కిలో ఉల్లిపాయలకు పరుగిడుదురు. వాస్తవమున నేమి జరిగినది? రేవు తుఫానునకు ఎడమచేతి నుండి కుడిచేతికి మాఱినది, అంతియే. ఈ యజ్ఞానమును గూర్చి నేను చిరకాలము ఆనందించుచుంటిని. అంతలో మా యెదురింటి విశ్రాంత నావికుడొకరు వచ్చి, మన తూర్పుతీరమున తుఫానునకు కుడిప్రక్కనే గాలి సముద్రమును నేలమీదికి త్రోయునని, కావున ఉప్పెన భయము ఎడమకంటె కుడికే అధికమని, ఉల్లిపాయలవారి పరుగు అకారణము గాదని సెలవిచ్చి, నా విజ్ఞానానందమును మొదలంట నఱికివేసినారు. ఆయన చేతిలోని సంచిలో నున్నవియు ఉల్లిపాయలే.

పదకొండవ నంబరు వేఱు జాతికి చెందినది. తుఫాను ఎక్కడనున్నదో, ఎటు పోవుచున్నదో, ఎంత పెద్దదో ఆ నంబరు చెప్పదు. హెచ్చరిక కేంద్రముతో సంబంధములు తెగిపోయినవని మాత్రము చెప్పును; అనగా ఇకమీదట వార్త రాదనుటయే అందలి వార్త. ఇటువంటి సూచికయొకటి కలదని నేను విన్నప్పుడు, దీనినెవరు చూచి ఏమి చేయుదురని నవ్వుకొంటిని. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేది ఆదివారమునాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముమీదనే తీరము దాటినది. ఆనాటి మధ్యాహ్నమునకు ఈ నగరమంతయు, నగరములోని ప్రతి యిల్లును, పదకొండవ నంబరు క్రిందనే యుండెను.

కావున జాగ్రత్త యనవసరమని నేననుట లేదు. ఆ తుఫానును చూచినవాడెవ్వడును అనడు. అద్దాల కిటికీలు గల మేడలలో ఆ అద్దములు గదులలోనికి ఎగిరివచ్చి పడినవి. కైలాసగిరి మీది పచ్చదనము ఒక్కపూటలో బోడియైనది. విమానాశ్రయము పైకప్పు చినిగిపోయినది. కరెంటు లేదు, కరెంటు లేదు గనుక మోటారు లేదు, మోటారు లేదు గనుక మేడపై తొట్టెలో నీరు లేదు. సంపులో నీరుండియు నాలుగవ అంతస్తువారు దానిని బిందెలతో మెట్లమీదుగ మోయవలసివచ్చినది. అందువలననే మా అమ్మ నేటికిని అల్పపీడనమన్న మాట వినబడిన తోడనే కుళాయి క్రిందికి పాత్రల ఊరేగింపు సాగించును. మొదట బిందెలు, పిదప గంగాళము, పిమ్మట బకెట్లు. అవి నిండిన తరువాత తపేలాలు, గిన్నెలు, పూజకు పెట్టు రాగిచెంబు, ఖాళీయైన ఆవకాయ జాడీ. మొన్నటి రాత్రి తొమ్మిది గంటలకు మా యింట నీరు లేని పాత్ర లేదు. ప్రెషరు కుక్కరు సైతము అంచుదాక నిండి, పైన పళ్ళెము బోర్లించుకొని, ఫ్రిజ్జుమీద ఆసీనమై యుండెను.

"అమ్మా, అన్నం దేంట్లో వండాలి?" అని అడిగితిని.

"బ్రెడ్డుంది కదరా" అన్నది మా అమ్మ.

బ్రెడ్డెందుకు తెచ్చితిమో ఆ రాత్రి నాకు బోధపడినది. బయట చినుకైనను లేదు. కుళాయి నిరాటంకముగ ప్రవహించుచునే యున్నది. మేము మాత్రము జలదుర్గమధ్యమున కూర్చుండి పొడి బ్రెడ్డు నమలుచుంటిమి.

హుద్‌హుద్ నేర్పిన పాఠములలో నీటి పాఠమొక్కటియే మా యింట నిలిచినది గాని, తక్కినవన్నియు పోయినవి. ఆనాడు మాకు కావలసి లేకపోయిన దేది? అన్నపానములు కావు. ఏటీఎములు మూగవోయినవి, బ్యాంకులు తెఱువలేదు, కార్డు గీచు యంత్రములు పనిచేయలేదు. పెట్టెలో చిల్లరనోట్లున్నవాడే ధనవంతుడు. అంతకంటెను ముఖ్యముగ, మా వీధిలో నిలువునా కూలిన చెట్లు గేట్లకు అడ్డముగ పడియుండ, వీధి వీధంతయు గాలించినను ఒక్క గొడ్డలి దొరకలేదు. పాలపొడి ప్రతి యింటను కలదు. ఇంజనీర్లు కలరు, లెక్చరర్లు కలరు, పైన చెప్పిన నావికుడు కలడు; గొడ్డలి లేదు. తుదకు కొండవాలు పేటనుండి యొకాయన గొడ్డలి భుజాన వేసికొని వచ్చి, గేటుకింత యని కూలి చెప్పి, సాయంకాలమునకు మమ్ము బంధవిముక్తులను గావించినాడు. ఆయన యింటి రేకులు అంతకుముందే గాలికి లేచిపోయినవట. తన యింటి పని యెట్లయినదని మేమడుగలేదు; మా గేటు తెఱుచుకొనుటయే మాకు ప్రధానము. ఇన్నేండ్ల తరువాత నేటికిని మా జాబితాలో గొడ్డలి లేదు, రవ్వ యున్నది. భయమునకు ఆకలి యొక్కటే తెలియునేమో.

వ్రాయుచు వ్రాయుచు ఇంకొక సంగతి జ్ఞాపకమునకు వచ్చినది. హాస్యమునకు తగినది కాదు, ఐనను చెప్పెదను. మన తీరమున తుఫానునకు సిద్ధపడుటలో సరకులు సగము పాలే. రెండవ సగము ప్రార్థన. టెలివిజనులో ఆ చక్రము కొంచెము ఉత్తరమునకు జరుగుచున్న కొలదిని మన మొగములు వికసించును. "పైకి పోతోంది" అని ఒకరికొకరు చెప్పుకొందుము. పైకనగా శ్రీకాకుళమునకు, ఒడిశాకు. 2018వ సంవత్సరము అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ యట్లే పైకి పోయినది. పలాస చేరువ తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసినది. ఆ ఉదయము మా అపార్టుమెంటు గేటువద్ద మేమందఱము చేరి, గండము గడిచినదని సంతోషించి, ఎవరెవరింట ఎంతెంత బ్రెడ్డు మిగిలినదో చెప్పుకొని నవ్వుకొనుచుంటిమి. మా కాపలాదారు ఒకప్రక్కగా నిలుచుండి ఫోను చెవినబెట్టుకొనును, తీయును, మరల పెట్టుకొనును. ఆతనిది కవిటి దగ్గఱ పల్లె యని మాలో కొందఱకు తెలియును. ఆ క్షణమున ఒక్కరికిని తోచలేదు. వారము గడిచిన పిదప ఊరికి పోయి తిరిగివచ్చినాడు. అడిగినచో, "డెబ్బై సెట్లు బాబూ, మా అయ్య ఏసినవి. ఒక్కటీ నిలబడనేదు" అన్నాడు. నాటిన కొబ్బరిమొక్క కాపునకు రావలెనన్న ఐదాఱేండ్లైనను పట్టును. ఆ తరువాత ఆతడు నెలజీతమును గూర్చి తప్ప చెట్లను గూర్చి మాటలాడుట నేను వినలేదు. మిగిలిన బ్రెడ్డును మేము ఆతనికే యిచ్చితిమి కాబోలు. ఇచ్చియే యుందుము, పాఱవేయుట మా యింట అలవాటు లేదు.

నిన్నటినుండి అండమానువద్ద ఉపరితల ఆవర్తనమొకటి యున్నదని చెప్పుచున్నారు. వాయవ్యదిశగ కదులుచున్నదట; ఇవి యెప్పుడును వాయవ్యదిశగనే కదులును. ఈ ఉదయము పాలప్యాకెట్ల వద్ద మా ప్రక్కవాటావారు కనబడి, "ఏం భయం లేదండి మాస్టారూ, పైకి పోతుంది" అని అభయమిచ్చిరి. అంతలో వారి మొగము చిన్నబోయినది. వారి పెద్దమ్మాయి నిచ్చినది ఇచ్ఛాపురమునకే. ఒక నిమిషము ఆలోచించి, "లేదంటే కిందికి తిరగొచ్చు" అని సవరించుకొనిరి. మా వియ్యాలవారిది మచిలీపట్టణము. నేను పాలప్యాకెట్లు లెక్కపెట్టుకొని లోనికి వచ్చితిని.