చేతిలో డ్రిల్లుంటే...

ఆన్‌లైన్ సేల్‌లో డ్రిల్లింగ్ మిషన్ కొన్న గృహస్థుకి ఇంట్లో ఏ గోడ చూసినా వెలితే. క్యాలెండరుకో రంధ్రం, పెళ్లిఫొటోకో రంధ్రం, మామగారి ఫొటోకి ముందుజాగ్రత్తగా ఇంకోటి (ఆయన నిక్షేపంగా ఉన్నారు). స్విచ్‌బోర్డుకి తిన్నగా పైన, గోడ లోపల కరెంటు పైపు ఉంటుందని ఎలక్ట్రీషియన్ దగ్గర పనిచేసే కుర్రాడికి కూడా తెలుసు. సారు సరిగ్గా అక్కడే గురిపెట్టారు. 30 మిల్లీఆంప్‌ల లీకేజీకే టప్పున పడిపోయే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉంది గనక సరిపోయింది.

తర్వాత చెమ్మ మీద దండయాత్ర. నీళ్లు దిగేది డాబా స్లాబు పగుళ్లలోంచి, వైద్యం మాత్రం హాలు గోడకి. గీకుడు, పుట్టీ, రెండు పూతల పెయింటు. వేసవంతా వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నారు కూడా. జూలైలో నాలుగు వానలు పడేసరికి గోడ అప్పడంలా పొంగింది. డాబా మీద నీళ్లు కట్టి, ఎక్కడ దిగుతున్నాయో చూడొచ్చు కదా అంటే, తాను చూసిన వీడియోలో అలా చెప్పలేదట!

ఇక వంటింటి కుళాయి. కావలసింది ఓ చిన్న వాషరు. సారు పెట్టింది ఎం-సీల్ ముద్ద. కారడం ఆగింది, తిరగడమూ ఆగింది.

చివరికి ఇల్లాలే ప్లంబరుకి ఫోన్ చేసింది. అతను కుళాయి చూసి, తల పట్టుకుని, "ఎవడు సార్ ఈ పని చేసింది?" అన్నాడు.

"ఎవడో వచ్చాడులేవయ్యా, నీలాంటివాడే" అన్నారు సారు.