రంగు చెదరని జారుడుబల్ల

మా మనవడు ఏడాది పాటు వెళ్లిన ప్లేస్కూల్ గురించి నాలుగు మంచి మాటలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. గుంటూరు జిల్లాలో ముప్పై రెండేళ్లు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పినదాన్ని. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో పిల్లాణ్ణి చూసుకోవడానికి హైదరాబాద్ వచ్చాను. బడిలో ఏది బాగుందో చూసి చెప్పడం నాకు అలవాటైన పనే. బడి పేరు మాత్రం రాయను.

ముందుగా గేటు. అంత కట్టుదిట్టమైన గేటును నేను ఏ బడికీ చూడలేదు. రోజూ వెళ్లే ముసలమ్మనే అయినా మెడలో కార్డు లేకపోతే వాచ్‌మన్ పిల్లాణ్ణి అప్పగించేవాడు కాదు. ఒకసారి కార్డు మరిచిపోతే మా అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపాడు. మూడేళ్ల పిల్లల బడికి కావలి అలాగే ఉండాలి. అతనికి నా మెప్పు. ఆ గేటు పెద్దవాళ్లకూ తెరుచుకోదు. అందుకే జూన్‌లో చేర్పించిన బడి లోపల ఎలా ఉంటుందో నవంబరు దాకా నాకు తెలియలేదు.

తెలియకపోయినా ఫోన్‌లో ఫొటోలు వచ్చేవి. ఈ విషయంలోనూ వాళ్లను మెచ్చుకోవాలి, ఒక్కరోజు కూడా మానలేదు. యెల్లో డే నాడు పసుపు చొక్కాలు, మ్యాంగో డే నాడు చేతిలో తలా ఒక మామిడిపండు. వాడి ఫొటో చూసి మురిసిపోయి సాయంత్రం అడిగాను. "పండు తియ్యగా ఉందా నాన్నా?"

"తినలేదు అమ్మమ్మా. ఫొటో అయిపోయింది కదా, మేడమ్ తీసేసుకుంది."

మామిడిపండు రోజున మామిడిపండు వాసన చూసి, టెంక చీకి, మోచేతుల దాకా రసం కారిన పిల్లాడికి పసుపు అంటే ఏమిటో, తీపి అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మా వాడికి ఆ రోజు ఫొటో దక్కింది. బాగా తీశారు, ఇప్పటికీ దాచుకున్నాను.

నవంబరు 14న తాతలనూ అమ్మమ్మలనూ పిలిచారు. గంట ముందే వెళ్లి వరండాలో కూర్చున్నాను. శుభ్రత చూసి నిజంగా సంతోషించాను. నేల మీద దుమ్ము లేదు, మరుగుదొడ్లలో వాసన లేదు, చేతులు కడుక్కునే కుళాయిలు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయి. ఇవి చిన్న విషయాలు కావు. నేను పనిచేసిన బడుల్లో ఈ మూడింటి కోసం ఎన్ని అర్జీలు పెట్టానో నాకు తెలుసు. ఆవరణలో జారుడుబల్ల ఉంది. కొన్ననాటి పసుపు రంగు దాని మీద చెక్కుచెదరలేదు. మా ఊరి బడిలో సిమెంటు జారుడుబల్ల పిల్లల లాగుల రాపిడికి అద్దంలా నునుపు తేలింది. ఒక్కో పిల్లాడి లాగు వెనక రెండేసి అతుకులుండేవి. మా మనవడి నిక్కరు ఏడాదంతా ఎక్కడా చిరగలేదు.

తరగతి గదిలో అద్దాల బీరువా. అందులో గులాబీరంగు చెక్కదిమ్మలు, పూసల దండలు, గరుకు కాగితంతో చేసిన అక్షరాలు, అన్నీ అసలైన మాంటిసోరి సామగ్రి. ఖరీదైనవే కొన్నారు, వరుస తప్పకుండా సర్దారు. బీరువాకు తాళం ఉంది.

ఆ తాళం చూడగానే మాకు ట్రైనింగులో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. మరియా మాంటిసోరి 1907లో రోమ్ నగరంలోని సాన్ లోరెంజో పేదవాడలో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచినప్పుడు అక్కడా వస్తువులు బీరువాలోనే ఉండేవి, టీచరే తీసి ఇచ్చేది. ఒకరోజు ఆవిడ బీరువాకు తాళం వేయడం మరిచిపోయింది. వచ్చి చూస్తే పిల్లలు ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని పనిలో మునిగిపోయి ఉన్నారు. టీచరు దాన్ని దొంగతనం అనుకుంది. మాంటిసోరి మాత్రం పిల్లలకు ఏం కావాలో పిల్లలే చెబుతున్నారని గ్రహించి, వాళ్లకు అందే పొట్టి బీరువాలు చేయించింది. ఆవిడే 1939లో మద్రాసు అడయారు వచ్చి మన దేశంలో ఎందరో టీచర్లకు తర్ఫీదు ఇచ్చింది. ఇన్నేళ్ల తర్వాత అవే వస్తువులు ఆవిడ పేరుతోనే మళ్లీ తాళం వెనక్కి వెళ్లాయి. సామగ్రి కొన్నందుకు ఆ బడిని మెచ్చుకుంటున్నాను. ఆ తాళం తీసిననాడు ఇంకా ఎక్కువ మెచ్చుకుంటాను.

టీచరమ్మాయికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. గొంతు పెంచదు, చెయ్యి ఎత్తదు. ఆ గదిలో ఇరవై ఎనిమిది మంది. ఇరవై మందికి ఒక టీచరు, ఒక సహాయకురాలు ఉండాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పైన ఉన్న ఎనిమిది మందినీ ఈ అమ్మాయే మోస్తోంది. మా వాడి నోటుబుక్కు చూసిన ప్రతివాళ్లూ ముచ్చటపడ్డారు. గీత వంకర పోదు, అక్షరం గడి దాటదు. మూడేళ్ల చేతివేళ్ల ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి, ఆ గీత వాటిది కాదని నాకు తెలుసు. ఆ రోజు చూశాను. ఆ అమ్మాయి ఒక్కొక్కరి చెయ్యి తన చేతిలోకి తీసుకుని దిద్దిస్తోంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు వేసుకున్నా ఇరవై ఎనిమిది మందికి యాభై ఆరు నిమిషాలు. అంతసేపూ మిగతావాళ్లు పెదవుల మీద వేలు పెట్టుకుని కూర్చోవాలి. కూర్చున్నారు కూడా. ముప్పై రెండేళ్లలో నేను ఏ తరగతిలోనూ సాధించలేని నిశ్శబ్దం అది. మూడేళ్ల వాళ్లు సాధించారు. చూస్తుంటే నాకు కళ్ల నీళ్లు తిరిగాయి.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆటపాటల ద్వారా నేర్పండి, ఇంటిభాషలో నేర్పండి అనీ చెబుతోంది. బడికి వెళ్లిన మొదటి నెలలోనే మా వాడు ఒక ఇంగ్లీషు వాక్యం తడబడకుండా నేర్చుకున్నాడు. వాష్‌రూమ్‌కు వెళ్లొచ్చా మేడమ్ అని అడిగే వాక్యం అది. నేర్చుకునే దాకా తడిసిన నిక్కరు సంచిలో మడిచి వచ్చేది. తెలుగులో అడిగితే వినకూడదన్నది బడి నియమం. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు.

ఆ తడిసిన నిక్కరు విప్పి, కడిగి, పొడి బట్ట వేసి పంపింది ఆయమ్మ. నా మెప్పులన్నిటిలో పెద్దది ఆవిడకే. చేర్పించిన మొదటి రెండు నెలలూ మా వాడి నీళ్ల సీసా నింపింది నింపినట్టే ఇంటికి వచ్చేది. తాగవేంరా అని కోప్పడేదాన్ని. ఆగస్టు నుంచి ఖాళీగా రావడం మొదలైంది. కారణం నవంబరులో ఆ వరండాలో తెలిసింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఆయమ్మ సీసాల అర దగ్గర నిలబడి ఒక్కొక్క మూతా తిప్పుతోంది. ఏం చేస్తున్నావమ్మా అని అడిగాను.

"ఇంట్ల నీళ్లు కారొద్దని గట్టిగ బిగిచ్చి పంపుతరమ్మా. ఈ చిన్న చేతులకు రాదు. అడుగుదామంటే భయం. పొద్దుగాల్నే అన్నీ జరంత వదులు జేసి పెడ్త. ఎవలకు దూపైతే వాళ్లు తాగుతరు."

నేను పుస్తకాల్లో చదివిన శిశువిద్య అంతా ఆ మూత మీద ఉంది. పిల్లవాడి పని పిల్లవాడే చేసుకోవాలి, అందుకు అడ్డం ఉన్నదాన్ని పెద్దవాళ్లు తొలగించి పక్కకు తప్పుకోవాలి. ఆవిడ ఏ ట్రైనింగూ పొందలేదు. ఎవరు ఎడమచేత్తో తింటారో, ఎవరికి నిద్రొస్తే చెవి పట్టుకునే అలవాటుందో, ఎవరి ఇంట్లో చెల్లి పుట్టిందో ఆవిడకు తెలుసు. పిల్లలు ఆవిడతో తెలుగులో మాట్లాడతారు. ఇరవై ఎనిమిది మంది నోరు తెరిచి మాట్లాడే చోటు ఆ బడిలో అదొక్కటే.

ఫిబ్రవరిలో వార్షికోత్సవం ఘనంగా జరిగింది. ప్రతి పిల్లాడికీ షీల్డు ఇచ్చారు, ఎవరినీ చిన్నబుచ్చలేదు, అది నాకు నచ్చింది. టీచర్లను పేరుపేరునా వేదిక మీదికి పిలిచారు. ఆయమ్మ తెర వెనుక పిల్లలకు బట్టలు మారుస్తోంది, ఆవిడ పేరు ఎవరూ పిలవలేదు. మార్చి మొదటి వారంలో ఆవిడను ఇంకో బ్రాంచికి పంపేశారు. రోజూ పదకొండు ఫొటోలు పంపే ఫోన్‌లో ఆ కబురు రాలేదు. మా వాడి సీసా మళ్లీ నిండుగా ఇంటికి వచ్చింది, దాన్ని బట్టే నాకు తెలిసింది.

జూన్‌కు పిల్లల్ని చేర్పించడానికి తిరుగుతున్న అమ్మానాన్నలను ఒకటే అడుగుతున్నాను. నోటుబుక్కులు చూపిస్తే చూడండి, కాదనను. కానీ ఒక గంట లోపల కూర్చోనివ్వమని అడగండి. జారుడుబల్ల మీద రంగు అరిగిందో లేదో చూడండి. ఆయమ్మ ఎవరో చూపించమనండి, ఎంతమంది పిల్లల్ని చూస్తోందో ఆవిడనే అడగండి. రేపు పొద్దున మీ పిల్లాడి నీళ్ల సీసా మూత ఒకసారి వాడి చేతికే ఇచ్చి తీయమనండి.