పుట్టకముందే లెక్క

2022 ఏప్రిల్ 4న అవతరించిన ఎన్టీఆర్ జిల్లాలో నందిగామ, జగ్గయ్యపేటలతో కలిపి జనులెందరని విచారించువారికి, 2011 నాటి అంకెయే సగౌరవముగా చూపబడును.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెతకు ఇంతటి అధికారిక ధ్రువీకరణము మునుపెన్నడును లభింపలేదు!

2021లో జరుగవలసిన జనగణన జరుగకపోవుటచే, 2011లో నందిగామ బడిలో పలకపట్టిన అయిదేండ్ల బాలుడు, 2024లో వోటు వేసి, వ్రేలిమీది సిరాచుక్కను మురిపెముగా చూచుకొనుచు ఇల్లు చేరినను, సర్కారు లెక్కలో మాత్రము ఇంకను అ ఆలు దిద్దుచునే యున్నాడు.

జగ్గయ్యపేట అంగడిలో పచ్చిమిరప ధర పూటకొక తీరుగా మారును. మనుష్యుల సంఖ్య యొక్కటే స్థిరము.

ఆధారము లేని విధానము తగదనువారు నిశ్చింతగా నుండవచ్చును: ఆధారమున్నది, దానికి వయస్సు మాత్రము రాదు.