బొట్టు పెట్టిన పెన్నులు

పదిహేను రోజులుగా నేను తుమ్మాలంటే పెరట్లోకి వెళ్తున్నాను. పరీక్షలు మావాడివి, పథ్యం నాది. టీవీకి దుప్పటి కప్పేశారు. కుక్కర్ కూస్తే వాడి ధ్యానం చెదురుతుందని పప్పు గిన్నెలో ఉడుకుతోంది. అది ఉడకడం లేదు, నేను నములుతున్నాను.

మావాడు పది. ఇంక వివరం అక్కర్లేదనుకుంటాను.

ఇంతలో పెన్నుల పని నా నెత్తిన పడింది. పది పెన్నులు కొన్నాను. విజయనగరంలో ఉంటూ పైడితల్లమ్మకి చూపించకపోతే ఎలా? చూపించాం, బొట్టు పెట్టించాం. సరిపోదంది మా అత్తగారు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులు అరసవల్లిలో పొద్దుటి కిరణాలు నేరుగా సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడతాయి కదా, ఆ వెలుగు పెన్నులకీ తగలాలట. కోడి కూయకముందే బయల్దేరాం. అక్కడ నాలాంటి తండ్రులే ఎటు చూసినా, ప్రతి జేబులోనూ పెన్నుల కట్టే. ఆ పూట మబ్బు పట్టింది. కిరణం పడలేదు గానీ నా కాలి మీద ఒకాయన కాలు పడింది.

అంతదూరం వెళ్ళి శ్రీకూర్మం వదిలేస్తామా? అక్కడ స్వామి పడమటి వైపు చూస్తాడు. తూర్పున ఒక దేవుడు, పడమట ఒక దేవుడు కాపలా ఉంటే ప్రశ్న ఎటు నుంచి వచ్చినా పెన్ను కాచుకుంటుందని అత్తగారి లెక్క. పైగా తాబేలు పందెం గెలిచిన జీవి. మర్నాడు రామతీర్థం. బస్సు ఛార్జీలు పెన్నుల ఖరీదుని ఎప్పుడో దాటేశాయి. చివరికి మొనల్లో కుంకుమ ఇరుక్కుని పదింట్లో నాలుగే రాస్తున్నాయి.

మావాడు ఆ నాలుగూ చూసి, "నాన్నా, నాకు పాత పెన్నే చేతికి అలవాటు" అన్నాడు.

ఊరుకుందామంటే ఊరు ఊరుకోదు. క్షవరానికి కూర్చుంటే మెడ మీద కత్తి పెట్టి మరీ అడిగాడు: "గుంటడికి ఆరొందలకి ఎన్నొస్తాయేటి బాబూ?" ఆ స్థితిలో ఐదొందల యాభైకి తక్కువ చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

మా ఊళ్ళోనే 1892లో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో వెంకటేశం పరీక్ష తప్పి, ఇంటికెళ్ళాలంటే తండ్రికి జడుస్తాడు. చూసినప్పుడల్లా నవ్వాను. మొన్న రాత్రి తలుపు సందులోంచి తొంగిచూశాను. మావాడు పుస్తకం వైపు చూడటం లేదు, తలుపు వైపు చూస్తున్నాడు. నవ్వు రాలేదు.

మా నాన్న చదువుకోలేదు. నా పదో తరగతప్పుడు రోజూ సందెవేళ లాంతరు గ్లాసు బూడిదతో తోమి, పాత పంచె ముక్కతో తుడిచి, వెలిగించి నా ముందు పెట్టేవాడు. తరవాత వెళ్ళి వీధరుగు మీద కూర్చునేవాడు. ఏం చదువుతున్నావని ఒక్కరోజూ అడగలేదు. లెక్కల్లో నాకు ముప్ఫై ఎనిమిది వచ్చాయి. ఆ సాయంత్రం కూడా ఆయన లాంతరు తుడిచాడు.

రేపు తెలుగు పరీక్ష. ఈ రాత్రి కుక్కర్ పెట్టమన్నాను. మూడు కూతలు కూసింది. పప్పు మెత్తగా ఉడికింది, మావాడు రెండుసార్లు వేయించుకున్నాడు.