నరం కొసన బుడగను

కంటికి కనబడను. నలభై, యాభై నానోమీటర్ల కొవ్వు పొర బుడగను. బాన్సువాడ దగ్గర కైకిలికి పోయే ఒకామె కుడిచేతి బొటనవేలి కండరాన్ని ఆనుకున్న నరం కొసలో నా కాపురం. యాసంగి నాట్లప్పుడు నారు పట్టి బురదలో గుచ్చాలంటే ఆ వేలు వంగాలి. అది వంగాలంటే మేం ఒలకాలి.

నా పొరకు కావాల్సిన సరంజామా వెన్నుపాములోని కణం నుంచి నరం వెంబడి వచ్చింది. ఆ ప్రయాణానికే రెండు మూడు రోజులు. సరుకు మాత్రం ఇక్కడే నింపుకుంటాను. నా పొరలోని పంపు ప్రోటాన్లను లోపలికి తోడుతుంది. అవి బయటికి పోతూ బదులుగా ఎసిటైల్‌కోలిన్‌ను లోపలికి రానిస్తాయి. అలా వేల అణువులు. పంపుకు కూలి ఏటీపీ అనే ఇంధన అణువు. 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ సంగతి తలచుకుంటే నాకు కాస్త గీర.

నిండాక అంచున సిద్ధంగా నిలబడతాను. కబురు రాగానే నిజాంసాగర్ కాలువ తూము ఎత్తినట్టు కాల్షియం లోపలికి దూకుతుంది. సెకనులో వెయ్యోవంతు లోపే నా పొర నరం పొరలో కలిసిపోతుంది, ఉన్నదంతా బయట పోస్తాను. నాతోపాటు పదులకొద్దీ బుడగలు. ఆ పొరే లోపలికి ముడుచుకుని మళ్లీ నేనవుతాను. ఆమె నిద్రపోతున్నా, ఎవరూ పిలవకుండానే మాలో ఒకటీ అరా ఒలుకుతుంటాయి. దానికి వేలు కదలదు. అప్పుడు కండరంలో పుట్టే చిన్న విద్యుత్ అలికిడిని కొలిచి, మేం సరుకును మూటలుగా వదులుతామని బెర్నార్డ్ కాట్జ్ తేల్చాడు. 1970 నోబెల్‌లో ఆయనకూ వాటా దక్కింది.

మా అసలు గండం కట్లపాము. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది. చాలాసార్లు నొప్పే తెలియదు. నాగుపాము విషం అవతల కండరం మీది గ్రాహకాలను మూసేస్తుంది. మేం సరుకు పోసినా అందుకునే దిక్కుండదు. కట్లపాము ఇవతల కూడా దెబ్బ కొడుతుంది. దాని విషంలోని కొన్ని ప్రోటీన్లు నరం కొసనే చెడగొట్టి, బుడగలన్నీ ఖాళీ అయ్యేలా చేస్తాయి. మళ్లీ తయారు కానివ్వవు. తెల్లారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఆపై ఊపిరి అందదు. విరుగుడు సూది రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకుంటుంది, పాడైన కొసను బాగుచేయలేదు. కొత్త కొస మొలిచేదాకా వెంటిలేటరే ఊపిరి పోయాలి. మంత్రం వేయించి పొద్దుపొడిచేదాకా ఆగేవాళ్లంటే నాకు మంట అందుకే.

ఈమె మాత్రం దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటుంది. దోమలకని కట్టిందే, కట్లపాముకూ అడ్డు.