మైలేజీ మావయ్య

పెళ్లికి వెళ్తే అందరూ ముందు మండపంలోకి పోతారు. ధ్యాసంతా భోజనం మీదున్నవాళ్లు పందిరి వెనక్కి పోతారు. మైలేజీ మావయ్య మాత్రం తిన్నగా కార్లు ఆపిన ఖాళీస్థలంలోకి పోతాడు. పట్టుపంచె పైకి దోపి, ఎవరిదో కారు పక్కన గొంతుక్కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, టైరు మీది అక్షరాల్ని వేలు పెట్టి చదువుతుంటాడు. కారు తాలూకు డ్రైవరు అనుమానంగా దగ్గరికొస్తాడు. "గాలి ఎంత కొట్టించావు నాయనా?" అని మావయ్యే ముందు అడుగుతాడు. ఆ తర్వాత ఆ డ్రైవరుకి ఏ బంతిలో చోటు దొరుకుతుందన్నది దైవాధీనం.

ఈయన ఒక్కడే అనుకుంటే పొరపాటు. తెనాలిలో ఉన్నాడు, బాపట్లలో ఉన్నాడు, రేపల్లెలో ఉన్నాడు. ఒకచోట బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, ఒకచోట కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంకోచోట కాలవల మీద ఉద్యోగం చేసి. "నేను రిటైరవ్వలేదయ్యా, కొత్త టైర్లేసుకున్నాను" అని ముగ్గురూ ఎవరికి వారే కనిపెట్టుకున్న జోకు ఒకటుంది. ముగ్గురు అత్తయ్యలూ అది విన్నప్పుడల్లా గ్యాసు కట్టేయడానికి వంటింట్లోకి లేచి వెళ్తుంటారు. నాకు దగ్గరగా తెలిసింది తెనాలి మావయ్య కాబట్టి ఆయన్నే పట్టుకుంటాను. మిగతా ఇద్దరూ నొచ్చుకోకూడదు.

మావయ్యకి టైరు చదవటమంటే జాతకం చూడటమే. 185/65 ఆర్15 88హెచ్ అని కనబడిందనుకోండి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రేడియల్ జాతి, 15 అంగుళాల రిమ్ము, ఒక్కో టైరు మోయగలిగింది 560 కిలోలు, తట్టుకోగలిగిన వేగం గంటకి 210 కిలోమీటర్లు. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పి, "210 ఎక్కడ పోతావయ్యా, చేబ్రోలు దాటేలోపు గేదెలొస్తాయి" అని తనే తేల్చేస్తాడు. అసలు విద్వత్తు మాత్రం చివర్లో చిన్న డబ్బాలో ఉండే నాలుగంకెల దగ్గర బయటపడుతుంది. 2223 అని ఉంటే 2023లో 22వ వారంలో తయారైందని లెక్క. "అంటే మే ఆఖరు. రోహిణి కార్తెలో పుట్టింది. ఎండకి ఢోకా లేదు" అంటాడు. పుట్టిన ఊరు కూడా చూస్తాడు. 2020లో అపోలో వాళ్లు మన రాష్ట్రంలోనే, తిరుపతి వైపు చినపాండూరులో ఫ్యాక్టరీ తెరిచారు కదా, అక్కడి సరుకు దొరికితే మాత్రం "వెంకన్న ఇలాకా" అని టైరుని చేత్తో తాకి కళ్లకద్దుకుంటాడు. చేతికి అంటిన మసి కళ్ల కింద ఉండిపోతుంది. చెప్పే ధైర్యం అత్తయ్యకే ఉంది.

ఇంతటి జాతకాలరాయుడి కారుకున్న టైర్లు 2016వి. బటన్లు ఇంకా బాగానే ఉన్నాయి, ఆయన కారు తీసేది తక్కువ కాబట్టి. కానీ రబ్బరుకి వయసు నడకని బట్టి రాదు. సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లొచ్చాయి. అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలనీ, పదేళ్లయితే చూపుకి బాగున్నా తీసేయాలనీ ఊరందరికీ చెప్పేది ఆయనే. "మార్చనని ఎవరన్నారు? ఏది వేయాలో తేలొద్దూ?" అంటాడు. ఆ తేలటం మొదలుపెట్టి ఎంతకాలమైందని అత్తయ్యనడిగితే, పెద్దమ్మాయి కానుపుకి మాంట్రియల్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి అని చెప్పింది. ఆ మనవరాలిప్పుడు బడికెళ్తోంది.

మాంట్రియల్ ప్రయాణమే కొంప ముంచింది. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు లేకుండా కారు తీస్తే జరిమానా. అల్లుడు నాలుగు టైర్లు గరాజ్‌లో దాచి, నాలుగు బండికేసి, రుతువు మారినప్పుడల్లా అటువి ఇటు మారుస్తుంటే మావయ్య ముగ్ధుడైపోయాడు. తిరిగొచ్చిన మర్నాడే బోసు రోడ్డులో టైర్ల కొట్టుకెళ్లి, "సమ్మర్ టూరింగ్ టైర్లు చూపించు" అన్నాడు.

కొట్టతను కాసేపు ఆలోచించాడు. "చలికాలంవి అమ్మితే కదండీ, ఇవి ఎండాకాలంవి అని విడిగా చెప్పుకోవటానికి" అన్నాడు.

నిజానికి కొట్టతను చెప్పిందే శాస్త్రం. వేసవి టైరు రబ్బరు ఏడు డిగ్రీల కంటే చల్లబడితే బిగుసుకుపోయి రోడ్డుని పట్టుకోలేదు. అందుకని చలిదేశాల్లో మెత్తటి రబ్బరుతో వేరే టైర్లు చేస్తారు. తెనాలి చలి జనవరి తెల్లవారుజామున కూడా ఏడు డిగ్రీల ఛాయలకి పోదు. కాబట్టి మనకమ్మేవి దాదాపు అన్నీ ఆ వేసవి జాతివే. మావయ్య ఇది విని కుంగిపోలేదు. "అయితే సమ్మర్ సంగతి తేలిపోయింది. ఇక టూరింగే తేలాలి" అన్నాడు.

టూరింగ్ అంటే ఏమిటో, అత్తయ్య పెసరట్టు వేస్తుండగా ఆయన ఆమెకి వివరించాడు, నేనక్కడే ఉన్నాను. రేసుకి పనికొచ్చే టైరు కాదు, బురదలో దిగే టైరూ కాదు. కుదుపు లేకుండా, రొద లేకుండా, పెట్రోలు తినకుండా రోజూ తిప్పుకునేది. అసలు గాలి టైరు పుట్టిందే సుఖం కోసమట. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడుచక్రాల బండి రాళ్లరోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక రబ్బరు గొట్టంలో గాలి నింపి కట్టాడు. "పశువుల డాక్టరే నయం, ఇంట్లోవాళ్ల సంగతి చూసుకున్నాడు" అంది అత్తయ్య అట్టు తిరగేస్తూ.

చిక్కెక్కడుందంటే, టైరులో మూడు గుణాలకి ఒకదానితో ఒకదానికి పొసగదు. సులువుగా దొర్లితే పెట్రోలు మిగులుతుంది గానీ వానరోడ్డు మీద పట్టు తగ్గే భయముంది. పట్టు కోసం రబ్బరు మెత్తన చేస్తే తొందరగా అరుగుతుంది. గట్టిగా చేస్తే మన్నుతుంది గానీ కుదుపంతా నడుముకి కడతారు. రబ్బరులో నల్లటి కార్బన్ బదులు సిలికా కలిపి దొర్లుడునీ పట్టునీ కొంత రాజీ చేసినవాళ్లు మిషెలిన్ వాళ్లు, 1992లో. మనదేశంలో దొర్లేటప్పటి నిరోధం, తడిపట్టు, రొద, ఈ మూడింటికీ ప్రమాణాలు పెడుతూ కేంద్ర రవాణా శాఖ 2022లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్రిజ్‌ల మీద నక్షత్రాలు అంటించే బీఈఈ వాళ్లు టైర్లకీ నక్షత్రాల పథకం తెచ్చారు. మావయ్య భూతద్దం పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి నక్షత్రాలు వెతుకుతుంటాడు. పగలే.

ఆయన శత్రువులు ఇద్దరు. ఒకడు మేనల్లుడు. కారుకి కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల చక్రాలు తీసేసి 17 అంగుళాలవి, తళతళలాడే అల్లాయ్‌లు బిగించాడు. చక్రం పెద్దదైతే రబ్బరు అంచు పల్చనవుతుంది, గుంతకీ నడుముకీ మధ్య అడ్డు తగ్గిపోతుంది. "లుక్కు మావయ్యా, లుక్కు!" అంటాడు వాడు. "లుక్కు బయటవాళ్లకి, దెబ్బ లోపలివాళ్లకి" అంటాడు ఈయన. ఇది ఆయన నోట విన్న మాటల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది.

రెండో శత్రువు ఒక నమ్మకం. ఎండాకాలం గాలి వేడెక్కి టైరు పేలుతుందనీ, కాబట్టి నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించాలనీ మన వైపు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అంటారు. జరిగేది తలకిందులు. గాలి తగ్గితే టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువ నలుగుతుంది, నలిగేకొద్దీ వేడెక్కుతుంది, మే నెల రోడ్డు మీద పగిలేది ఎక్కువగా అలాంటిదే. పెట్రోలూ అదే తాగుతుంది. ఎంత కొట్టించాలో డ్రైవరు తలుపు తీస్తే కనబడే పట్టీ మీద రాసుంటుంది, పొద్దున్నే బండి తీయకముందు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. దీని కోసం మావయ్య పెట్రోలు బంకులో యుద్ధాలు చేశాడు. "సార్, నైట్రోజన్ కొట్టమంటారా?" అని కుర్రాడడిగితే, "మామూలు గాలిలో 78 పాళ్లు అదేరా అబ్బాయ్, మిగతా 22కి ఎంత తీసుకుంటావు?" అని బేరం మొదలెట్టాడు. వెనక క్యూలో ఉన్న ఆటోలవాళ్లు హారన్ కొట్టటం మానేసి వినటం మొదలెట్టారు. ఆ కుర్రాడిప్పుడు మావయ్య కారు దూరాన కనబడగానే టీకి వెళ్తున్నాడు.

ఇక చీరాల దగ్గరి వాడరేవు సముద్రతీరానికి చేసిన ప్రయాణం. మేనల్లుడు కొత్త టైర్లు వేయించిన ఆదివారం అందరం బయల్దేరాం. తెనాలి నుంచి దగ్గర దారి పొన్నూరు మీదుగా ఉంది. మావయ్య ఒప్పుకోలేదు. రేపల్లె వెళ్లి 216 జాతీయ రహదారెక్కి, బాపట్ల, చీరాల మీదుగా పోవాలి, సాఫీ రోడ్డు మీదైతేనే టైరు గొంతు వినబడుతుందట. ఏసీ కట్టించాడు, పాటలు ఆపించాడు, అద్దాలు ఎత్తించాడు. కర్లపాలెం దాకా అందరం చెమటలు కక్కుతూ టైర్ల రొద విన్నాం. సిమెంటు రోడ్డు ముక్క వచ్చినప్పుడు "అదిగో, అదిగో, ఇప్పుడు మారింది!" అని చెయ్యెత్తాడు. "టైర్లు మాట్లాడుకుంటుంటే మనం నోరెత్తకూడదు, పెళ్లయినప్పట్నుంచీ ఇంతే" అంది అత్తయ్య నాతో.

వాడరేవులో ఇసక మీదకి కారు దించొద్దని మావయ్య చెప్తూనే ఉన్నాడు. మేనల్లుడు దించాడు. పల్చటి టైర్లు రెండు చుట్లు తిరిగి ఇరుసుదాకా కూరుకుపోయాయి. మావయ్య కళ్లలో అంత వెలుగు నేనెప్పుడూ చూళ్లేదు. కూలబడి, వేలితో ఇసక మీద బొమ్మ గీసి, గాలి సగానికి తగ్గిస్తే టైరు పాదం ఎలా వెడల్పవుతుందో, బరువు ఎలా పరుచుకుంటుందో మొదలుపెట్టాడు. బొమ్మ పూర్తికాకముందే వలలు సర్దుకుంటున్న మత్స్యకారులు ఆరుగురొచ్చి, "జరుగు సారూ" అని, ఒక్క అరుపు అరిచి కారుని ఎత్తినంత పనిచేసి గట్టి నేల మీద పెట్టారు. మావయ్య బొమ్మ మీద నించే తోశారు. అయినా సిద్ధాంతం నిలబెట్టుకోవాలి కదా, నాలుగు టైర్లలో రెండింటికి అప్పటికే ఆయన గాలి తీసేసి ఉన్నాడు. చీరాల దాకా గాలి దొరకలేదు. ఆరేడు కిలోమీటర్లు నడిచినట్టే నడిపించుకొచ్చాం. మమ్మల్ని దాటిన సైకిళ్ల సంఖ్య మేనల్లుడికి గుర్తుంది, ఇప్పటికీ చెప్తుంటాడు.

ఆ రాత్రి నాకో బుద్ధి పుట్టి లెక్క వేశాను. మావయ్య ఏడాదికి తిప్పేది మహా అయితే అయిదు వేల కిలోమీటర్లు. లీటరుకి పద్దెనిమిది చొప్పున 280 లీటర్ల లోపు. టైరు దొర్లుడు నిరోధం పది శాతం తగ్గితే పెట్రోలు కలిసొచ్చేది ఒకటి రెండు శాతమే. ఉదారంగా రెండు వేసుకున్నా ఏడాదికి అయిదారు లీటర్లు. విజయవాడ ఆటోనగర్‌కి రేటు కనుక్కోవటానికి రెండుసార్లు వెళ్లొస్తే అంతకంటే ఎక్కువే అయిపోతుంది. మావయ్య ఇప్పటికే అంతకు మించి వెళ్లాడు. కాగితం తీసుకెళ్లి చూపించాను. శ్రద్ధగా చదివి, "మరి టైరు అయిదేళ్లుంటుందిగా, అయిదుతో గుణించలేదేం?" అన్నాడు. గుణించాను. "చూశావా, ముప్ఫై లీటర్లు!" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆటోనగర్ లెక్క రాసిన సగం చింపి నాకిచ్చేశాడు.

చివరికి అత్తయ్యే గడువు పెట్టింది. చిన్నమ్మాయి నిశ్చితార్థానికి ఆ పగుళ్ల టైర్ల మీద ఒంగోలు రానంది. బస్సులో వెళ్తానంది. మావయ్య మూడు రాత్రులు నిద్ర మానుకుని, నోటుపుస్తకంలోని తొమ్మిది పేర్లని నాలుగు చేసి, నాలుగుని రెండు చేసి, రెండింటి మధ్య పొద్దున్నే స్నానం చేసి దణ్ణం పెట్టుకుని ఒకదానికి టిక్కు పెట్టాడు. నన్ను తోడు రమ్మన్నాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. కారు ఆపి దిగి, అద్దంలో మొహం చూసుకుని, జేబులోంచి చీటీ తీసి కొట్టతనికిచ్చాడు. అతను చీటీ చూశాడు, లోపలికెళ్లాడు, చాలాసేపటికి బయటికొచ్చాడు.

"ఏమనుకోకండి మావయ్య గారూ, ఈ కంపెనీది మీ సైజు అయిపోయింది. వారంలో తెప్పిస్తాను."

మావయ్య మొహం చూసి తీరాలి. వయసు పదేళ్లు దిగిపోయింది. "పర్లేదయ్యా, తొందరేముంది, టైర్లంటే ఆషామాషీయా!" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కొట్టతనికీ, గాలి కొట్టే కుర్రాడికీ, నాకూ, పంచరు కోసం వచ్చిన ముక్కూమొహం తెలియని పెద్దమనిషికీ టీలు చెప్పాడు. టీ వచ్చేలోపు కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, "అన్నట్టు, ఆ రెండోది ఉందిగా, అదోసారి కిందకి దించు, చూద్దాం" అన్నాడు.