ఖోకా లెక్క

మొన్న మా మనవడు ఫోన్లో తుపాకీ ఆట ఆడుతూ "తాతా, ఇది కార్ నైంటీ ఎయిట్, తిరుగులేని గన్" అన్నాడు. ఒరే నాయనా, అది జర్మనీ వాళ్ల మౌజర్, అయిదు తూటాలే పడతాయి, నేను మోసిన త్రీ నాట్ త్రీలో పది పట్టేవి అని చెప్పబోతే, వాడు అప్పటికే ముగ్గుర్ని చంపేసి మళ్లీ తూటాలు నింపేసుకున్నాడు. దేంతో? బొటనవేలితో!

మా రోజుల్లో నింపడమంటే ఒక విద్య. అయిదేసి తూటాల క్లిప్పులు రెండు. తూటా అడుగున అంచు ఉంటుంది చూశారూ, పైదాని అంచు కిందిదాని అంచుకి వెనక పడిందా, ఇక బోల్టు కదిలితే ఒట్టు. 1974లో పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో చేరిన కొత్తలో నాకు రోజూ అదే జరిగేది. మా హెడ్ కానిస్టేబుల్ గారు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చుకి పనికిరావు.

కాల్చడం ఒక నిమిషం, కడగడం ఒక పూట. ఆ కాలపు తూటా టోపీలోని మందు గొట్టంలో ఉప్పు వదిలేది. అలాగే ఉంచితే తెల్లారేసరికి తుప్పు. అందుకని మరిగే నీళ్లు పోసి, బట్టు అడుగున ఇత్తడి మూత తీసి, పుల్‌త్రూ తాడూ నూనె సీసా బయటికి లాగి, గుడ్డ పేలిక కట్టి, గొట్టంలో మొహం కనిపించేదాకా లాగేవాళ్లం. ఇప్పటి పిల్లలు బైకైనా తుడుచుకుంటారా?

తర్వాత ఇన్సాస్ రైఫిల్ వచ్చింది. లోపల ఎన్ని తూటాలున్నాయో బయటికి కనిపించే ప్లాస్టిక్ మాగజైను! లెక్కపెట్టడం చేతకాని వాళ్ల కోసం కాబోలు. మా గుండు పదకొండు గ్రాములు, దానిది నాలుగు. తేలికైతే ఎక్కువ మోయొచ్చట. సరే, మోయండి.

అసలు లెక్కంటే అల్లూరి సీతారామరాజుది. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు పట్టుకెళుతూ, ఏమేం తీసుకున్నాడో కాగితం మీద రాసిపెట్టి మరీ వెళ్లాడు. తిరగబడ్డవాడే అంత పద్ధతిగా ఉన్న దేశం ఇది.

త్రీ నాట్ త్రీ గురించి ఇంత చెబుతున్నానా, నిజానికి ఆ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పుట్టింది 1895లో. నా చేతికొచ్చేసరికే అది మా నాన్న వయసు సరుకు. అవతలివాడి చేతిలో ఏకే ఉంటే, నేను బోల్టు లాగేలోపు వాడు ముప్ఫై వదిలేసి టీ తాగేవాడు. పైగా కాల్చినప్పుడల్లా అది తన్నే తన్నుకి, రేంజి నుంచి వచ్చిన రాత్రి మా ఆవిడ నా భుజానికి ఉప్పు కాపడం పెట్టేది. అయినా 2020 గణతంత్ర దినోత్సవం నాడు ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పారని పేపర్లో చూసి, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

రేంజిలో పది తూటాలు కాలిస్తే పది ఖోకాలు, అంటే ఖాళీ తూటా డొల్లలు, తిరిగి అప్పజెప్పాలి. ఒకసారి ఒకటి తగ్గింది. రిజర్వు ఇన్‌స్పెక్టర్ గారు మొత్తం ప్లాటూన్ని ఎండలో మోకాళ్ల మీద పాకించి గడ్డి దువ్వించారు. పొద్దు వాలే వేళకి చెమట తుడుచుకుందామని జేబురుమాలు కోసం చెయ్యి పెడితే, ఖోకా నా జేబులోనే ఉంది. మెల్లగా గడ్డిలో జారవిడిచి "దొరికింది సార్" అని అరిచాను. మెచ్చుకుని నాకు ఒకరోజు సెలవిచ్చారు. మా బ్యాచి వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, చదవనట్టే ఉండండి.